ముంజ రంగు చూసే కన్ను

డోర్నకల్‌లో రైలు దిగి మజీద్ ఇల్లెక్కడని అడిగితే, ఏ మజీద్ అని ఎదురడుగుతారు. 'కన్ను మజీద్' అంటే మాత్రం మారు మాట్లాడకుండా వేలు పెట్టి చూపిస్తారు. ఆ పేరు ఊరు పెట్టింది కాదు. ఆయనే పెట్టుకుని, పదేళ్ళపాటు ఓపిగ్గా ఊరి చేత అనిపించుకున్నాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో ఒక పాత లేత్ మిషను, ఒక గ్రైండరు, మంటకు తట్టుకునే ఇటుకలతో తనే కట్టుకున్న కొలిమి, దానికో గ్యాస్ బండ, గాలి కొట్టే బ్లోయరు, పక్కన నూనె డబ్బా. ముప్పై ఏళ్ళు ఖమ్మంలో ఒక వర్క్‌షాపులో టర్నరుగా చేశాడు. ఒకరోజు యజమాని షట్టర్ దించి ఇక ఎత్తనన్నాడు. మజీద్ ఇంటికొచ్చి ఈ పని మొదలుపెట్టాడు. చేసేది హైస్పీడ్ స్టీల్ కట్టర్లు. ఇనుమును కోసే ఉక్కు అన్నమాట. మెత్తగా ఉన్నప్పుడే లేత్ మీద కావలసిన ఆకారం తీసి, ఆ తర్వాత కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచాలి. ఆపైన సన్న సెగ మీద మూడుసార్లు కాచి చల్లార్చాలి.

కొడవలికో గొడ్డలికో అయితే ఎర్రగా కాలితే సరిపోతుంది. ఈ ఉక్కుకు అది ఏ మూలకూ చాలదు. ఎరుపు దాటాలి, నారింజ దాటాలి, నిమ్మపండు దాటాలి, ఇంకాస్త ఉంటే కరిగిపోతుందనగా ఆగాలి. ఎక్కడ ఆగాలన్నదే విద్య. వేడి ఎక్కువైతే అంచులు చక్కెర పలుకుల్లా రాలిపోతాయి. తక్కువైతే ఇంకా మోసం. చల్లగా ఉన్నంతసేపు గట్టిగానే కనిపిస్తుంది, పనిలో పడి వేడెక్కగానే మెత్తబడుతుంది. మొదటి ఏడాది డజను కట్టర్లు తగలేసుకున్నాక మజీద్‌కు ఒక రంగు దొరికింది. దానికి 'ముంజ రంగు' అని పేరు పెట్టాడు. వలిచిన తాటిముంజ తెలుపన్నమాట. కిటికీకి గోనెసంచి కట్టి, పట్టపగలే షెడ్డును చీకటి చేసి, కళ్ళు చికిలించి కొలిమిలోకి చూసేవాడు. ముంజ రంగు రాగానే ఆగేవాడు. ఆ రంగులో కాలిన కట్టర్ ఒక్కటీ తిరిగి రాలేదు.

అల్లుడు జీషాన్ హైదరాబాద్‌లో ఏసీలు బాగుచేస్తాడు. మామ కళ్ళు కొలిమికి బలవుతున్నాయని జాలిపడి ఒక మీటర్ కొని తెచ్చాడు. ఒక డబ్బా, దానికో వైరు, వైరు చివర కొలిమిలో దూర్చే కడ్డీ. ఎంత వేడి ఉందో అంకెల్లో చూపిస్తుంది. మజీద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగున్నది బేటా. కండ్లు లేనోళ్ళకు పనికొస్తది" అన్నాడు.

ఆ మీటర్ వంటింట్లో గోధుమపిండి డబ్బా మూత మీదికి చేరింది. ఎలుకలు మూత లేపకుండా బరువుగా పనికొచ్చింది.

ఇక సఫియా బేగం. ఆమె మజీద్ భార్య. షెడ్డు గడప దగ్గర ఆమెకో పీట. బ్లోయర్ స్విచ్చు ఆమె చేతి కింద ఉంటుంది. ముందు నెమ్మదిగా, తర్వాత జోరుగా గాలి పెట్టడం ఆమె పని. కొలిమి వెలుగుకు కళ్ళలో నీళ్ళొస్తాయని అటు వీపు పెట్టి కూర్చుని తస్బీహ్, అంటే జపమాల, తిప్పుకునేది. రంగు వచ్చేసిందని మజీద్ "ఆగయా" అనగానే, ప్రవక్త మీద చదివే దరూద్ కొత్తగా మొదలుపెట్టేది. ఒక్కో దరూద్‌కు ఒక్కో పూస. ముప్పైమూడో పూస జరగగానే అయిపోయిందని "హో గయా" అనేది. అప్పుడు కట్టర్ నూనెలోకి దిగేది. ఈ పద్ధతి ఎలా మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. రంగు గురించి వచ్చినవాళ్ళకు అరగంట చెప్పే మజీద్ ఈ పూసల సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. దాచాడని కాదు. అది కూడా పనే అని ఆయనకు తట్టలేదు.

ఇట్లా ఉండగా, ఏళ్ళ తరబడి తెలియకుండా పేరుకున్న మసకలు నిరుడు మజీద్ కళ్ళను పూర్తిగా కమ్మాయి. రైల్వే స్టేషన్ దగ్గర కంటి శిబిరం పెట్టి, ముదిరిన శుక్లాలున్నవాళ్ళను ఖమ్మం దవాఖానకు తీసుకుపోతున్నారు. సఫియా నెల రోజులు పోరాడి ఆయన్ను బండెక్కించింది. నెల తేడాతో రెండు కళ్ళూ అయ్యాయి. రెండో కట్టు విప్పించుకుని ఇంటికొచ్చిన మజీద్ గడపలోనే నిలబడిపోయాడు.

"గోడలకు సున్నం ఎప్పుడేయించినవ్?" అన్నాడు. ఆలుమగల మాటలు ఉర్దూలోనే, మన కోసం తెలుగు చేశాను.

"ఎవరేసిండ్రు? పోయిన రంజాన్‌కు నువ్వు తెచ్చిన రంగే."

"నేను తెచ్చింది మీగడ రంగు కదా?"

"తెల్లది తెచ్చి మీగడ రంగని నువ్వే అన్నవు. నేనెందుకు కొట్లాడాలె అని ఊకున్న."

మజీద్ ఆ మాట మీద నిలవలేదు. ఆయనకు లోకమంతా కడిగి ఆరేసినట్టుంది. ఆకులు ఇంత పచ్చగా ఉంటాయా, ఆకాశం ఇంత నీలంగా ఉంటుందా అని వారం రోజులు వీధిలో అందరినీ నిలేసి చెప్పాడు. శిబిరం వాళ్ళు జీతమిచ్చి పెట్టుకున్నా అంత ప్రచారం చేసే మనిషి దొరకడు. పక్కింటి కనకయ్య భయపడుతుంటే చెయ్యి పట్టి లాక్కుపోయి పేరు రాయించాడు. సఫియా కళ్ళకూ అదే జబ్బు మొదలైందని తేలితే, "వచ్చే నెల నీదే" అని ఆమె పేరూ రాయించాడు.

ఆ నెలలోనే ఉప్పలయ్య వచ్చాడు. ఉప్పలయ్యది మానుకోట. వరికోత మిషన్ల గేర్లు బాగుచేస్తాడు. పాత మిషన్ల గేరుపళ్ళకు సరిపడే కట్టర్లు బజార్లో దొరకవు కాబట్టి, పదేళ్ళుగా రైలెక్కి మజీద్ దగ్గరికే వస్తున్నాడు. ఈసారి చేతిలో మొన్ననే చేయించుకుపోయిన కొత్త కట్టర్ ఉంది, ముఖంలో పాత నవ్వు లేదు.

"గిదేందే మజీదన్నా? ఒక్క గేరు గూడ నిండలె. మొద్దువారిపాయె."

"నేను ఆకురాయి వెట్టి చూసే ఇచ్చిన ఉప్పలయ్యా. గీత పడకుండ నున్నగ జారింది."

"ఆకురాయి జారితే ఏం లాభమే? మిషన్ మీద పెట్టంగనే మైనమైతున్నది."

మజీద్ ఉక్కును తిట్టాడు. ఈ మధ్య సరుకులో నాణ్యం లేదన్నాడు. బయ్యారం కొండల్లో అంత ఇనుపరాయి పెట్టుకుని ఎక్కడి ఉక్కో తెచ్చుకోవాల్సి వస్తోందని దేశాన్ని తిట్టాడు. గ్యాసు పల్చబడిందన్నాడు, నూనె చెడిందన్నాడు. చివరికి ఉప్పలయ్య మిషన్‌కే తిక్క ఉందని నెమ్మదిగా సెలవిచ్చాడు. రెండో కట్టర్ చేసిచ్చాడు. నాలుగో రోజున అదీ తిరిగొచ్చింది.

ఉప్పలయ్య కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"అన్నా, కోతలు మొదలైనయి. మిషన్లన్ని నా దుకాణం ముంగట నిలవడ్డయి. ఇంకొక్కటి చేసియ్యి. అది గూడ గిట్లనే ఐతే, పట్నంల ఎవరితోనో చేపిచ్చుకుంట. ఏమనుకోకు" అన్నాడు. పోతూ పోతూ, "పెద్దతనం కదా" అని మెల్లగా అని పోయాడు.

ఆ మాట మజీద్‌కు గుండెలో దిగబడింది. ఉప్పలయ్య పోతే మానుకోట మొత్తం పోతుంది. పని పోవడం ఒక ఎత్తు. కన్ను పోయిందనిపించుకోవడం ఇంకో ఎత్తు. అదీ రెండు కళ్ళూ కొత్తగా చేయించుకుని.

మజీద్ మూడో కట్టర్ కొలిమిలో పెట్టాడు. సఫియా గాలి పెంచింది. కాసేపటికి "ఆగయా" అన్నాడు. దరూద్ మొదలు కాలేదు.

"చదువు! కాలిపోతది!"

"యాస్మిన్ అబ్బా, ఒక మాట" అంది సఫియా. యాస్మిన్ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, అబ్బా అంటే నాన్న. "ఇదివరకు గాలి పెంచినాక నేను తస్బీహ్ మొత్తం, నూరు పూసలు తిప్పేదాన్ని. అప్పుడు అనేటోనివి ఆగయా అని. ఇప్పుడు డెబ్బైకే అంటున్నవు. ఆపరేషన్ అయినప్పటి సంది ఇట్లనే."

సఫియా పీట మీదే వెనక్కి తిరిగి, కొంగు నుదుటికి అడ్డం పెట్టుకుని, పదేళ్ళలో మొదటిసారి కొలిమిలోకి చూసింది.

"ఇది ముంజనా? ఇంకా నిమ్మపండే."

"నీ కండ్లకు మసకలున్నయి. అది ముంజ. తెల్లగ కనవడుతలేదా?"

"నీ కండ్లకు మసకలున్నప్పుడే కదా ముంజ రంగు పట్టుకున్నది" అంది సఫియా.

ఆమె గొప్ప సంగతేదో కనిపెట్టినట్టు అనలేదు. ఉన్నమాట అంది, అంతే. మజీద్ పట్టకారు కిందికి దించాడు. ఇంకాస్త గాలి, ఇంకాస్త సేపు. ఆయన కళ్ళకు లోపల తెల్లగా మండిపోతోంది, కట్టర్ కరిగిపోయిందనే అనుకున్నాడు. నూరో పూస దగ్గర సఫియా "ఇగో, ఇప్పుడు ముంజ" అని, ముప్పైమూడు చదివి, "హో గయా" అంది.

ఆ కట్టర్ పద్దెనిమిది గేర్లు కోసింది. ఉప్పలయ్య ఫోన్ చేసి, "నీ కన్ను నీకొచ్చిందే అన్నా!" అని అరిచాడు. మజీద్ ఫోన్ పెట్టేసి, మీగడ రంగనుకున్న తెల్లగోడను చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఊరు పదేళ్ళు పొగిడింది తన కన్నును కాదు, కంట్లో పేరుకున్న పసుపును. కన్ను మజీద్ కథను కంటి డాక్టరే ముగించాడు.

ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి తర్వాత జరిగింది. శిబిరం వాళ్ళు సఫియా కోసం ఫోన్ చేశారు. "ఈ నెల రద్దీ ఎక్కువున్నదట" అని మజీద్ ఆమెకు చెప్పాడు. వచ్చే నెల, "డాక్టర్ సెలవుల ఉన్నడట" అన్నాడు. కనకయ్యను చెయ్యి పట్టి లాక్కుపోయిన మనిషి, సొంత పెళ్ళాం దగ్గర ఆమె పేరు రాసిచ్చిన శిబిరం చీటీ చొక్కా జేబులో దాచుకుని తిరిగాడు. ఇల్లు మొత్తానికి మిగిలిన మసక కళ్ళు ఆమెవే. ఆ మసక ఉన్నన్నాళ్ళే ముంజ రంగు. మరో నెల గడిచింది. కట్టర్లు బ్రహ్మాండంగా వస్తున్నాయి. వీధిలో మజీద్ మళ్ళీ తల ఎత్తి నడుస్తున్నాడు. సఫియా మాత్రం గోడ పట్టుకుని నడుస్తోంది.

ఒక మధ్యాహ్నం గంజి వంచుతూ గిన్నె అంచు కనబడక ఎడమ చేతి మీద ఒంపుకుంది. మజీద్ పరుగెత్తి చన్నీళ్ళు పోసి, మందు రాశాడు.

"పరేషాన్ కాకు. కుడి చెయ్యి మంచిగనే ఉన్నది. పూసలు తిప్పుత" అంది సఫియా.

మజీద్ అక్కడే, వంటింటి నేల మీద కూలబడ్డాడు. అరవై ఆరేళ్ళ బతుకులో తన మీద తనకే అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. జేబులోంచి చీటీ తీసి ఆమె ముందు పెట్టాడు.

"రద్దీ లేదు. సెలవు గూడ లేదు" అన్నాడు.

"నాకు తెల్వదా? నీ చొక్కాలు ఉతికేది ఎవరు?"

"మరి అడగలేదేంది?"

"ఉప్పలయ్య పెద్దతనం అన్ననాడు నీ ముఖం చూసిన. మళ్ళ అట్ల చూడబుద్ధి కాలె" అంది. చీటీ చేతిలోకి తీసుకుని, "ఇగ చాలు. నాకు యాస్మిన్ ముఖం సరిగ్గ కనవడుతలేదు. పోదాం" అంది.

పోయే ముందురోజు పొద్దున ఆమే గోధుమపిండి డబ్బా మీది మీటర్‌ను దులిపి తెచ్చింది. కడ్డీని కొలిమిలో దూర్చి, ఆఖరిసారి మసక కళ్ళతో చూసి, "ఇగో ముంజ" అంది. మీటర్‌లో పన్నెండు వందల పద్దెనిమిది. మజీద్ గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. తర్వాత అలమారలో వెతుకుతుంటే, ఉక్కు కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన కాగితం మేకుల డబ్బా కింద పరిచి కనిపించింది. ఎంత వేడికి కాల్చాలో అందులో అచ్చేసి ఉంది: పన్నెండు వందల ఇరవై. పదేళ్ళుగా దాని మీద మేకులు పెట్టుకున్నాడు.

ఖమ్మం దవాఖానలో కంటికి కట్టుతో పడుకున్న సఫియా చెయ్యి పట్టుకుని మజీద్ మాటిచ్చాడు. "ఉప్పలయ్య వస్తే నోరారా చెప్త. కన్ను నాది కాదు, నీదని."

"చూద్దాం" అంది సఫియా. అప్పుడు ఆమెకు చూపు సరిగా లేదు గాని, భర్త సంగతి బాగానే తెలుసు.

రెండో కన్ను కూడా అయి, ఆమె తేరుకునేసరికి యాసంగి కోతలొచ్చాయి. ఉప్పలయ్య నాలుగు కట్టర్లు కావాలంటూ దిగాడు. వెంట హన్మంత్ అని మహదేవపూర్ ఆసామిని తెచ్చాడు. ఆయనకు ఆరు కోత మిషన్లున్నాయట. 'కన్ను' చూస్తానని పని కట్టుకుని వచ్చాడట.

"మీటర్లు గీటర్లు ఏముండయి హన్మంతన్నా. మా మజీదన్న ఉత్త కన్నుతోనే పట్టేస్తడు. మిషన్లకు గూడ చాతగాదు" అంటున్నాడు ఉప్పలయ్య బయట.

మజీద్ చెప్పాలనే అనుకున్నాడు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ హన్మంత్ అప్పటికే రెండు చేతులు జోడించి నిలబడ్డాడు. అంత మర్యాదకు ఎదురు ఎట్లా చెప్పడం? మజీద్ చటుక్కున లోపలికి పోయి మీటర్ మీద గోనెసంచి కప్పాడు. తనొక్కడికే అంకె కనపడేట్టు ఒక అంచు మడిచాడు. గడప దగ్గర పీట మీద కూర్చున్న సఫియా కొత్త కళ్ళతో ఇదంతా చక్కగా చూసింది.

కట్టర్ కొలిమిలో పెట్టారు. గాలి పెరిగింది. మజీద్ కళ్ళు చికిలించాడు. ఒక అడుగు వెనక్కేశాడు, ఒక అడుగు ముందుకేశాడు. అవసరం లేకపోయినా తల ఒక పక్కకు వంచాడు. గోనె అంచు కింద పన్నెండు వందల పద్దెనిమిది కనిపించింది.

"ముంజ! అల్లా ఇచ్చిన కన్ను!" అని, "ఆగయా" అన్నాడు.

"వారెవ్వా" అన్నాడు హన్మంత్.

గడప దగ్గర చప్పుడు లేదు.

"సఫియా, ఆగయా."

సఫియా తస్బీహ్ ఒడిలో పెట్టుకుని ఆయన వైపే చూస్తోంది. "కన్ను నీదైనప్పుడు లెక్క గూడ నువ్వే పెట్టుకో" అంది తెలుగులోనే, వచ్చినవాళ్ళకు వినపడేట్టు.

మజీద్ చెయ్యి జేబు మీదికి పోయింది. జేబులో ఫోనుంది, ఫోన్లో గడియారముంది. కానీ ముప్పైమూడు పూసలకు ఎంతసేపు పడుతుందో పదేళ్ళలో ఒక్కసారీ చూసుకోలేదు. రంగు తెలుసు, అంకె తెలుసు, కాగితం మేకుల కింద నుంచి బయటికి తీశాడు. ఇది మాత్రం ఎక్కడా రాసి లేదు. లోపల కట్టర్ తెల్లగా మండుతోంది. ఎక్కువైతే అంచులు రాలుతాయి. ఉప్పలయ్య మెడ చాచి చూస్తున్నాడు.

మజీద్ పట్టకారుతోనే గోనెసంచి లాగి పారేశాడు.

"ఉప్పలయ్యా, నా కండ్లకు ఏం తెల్వది. గీ డబ్బ చూసి చెప్తున్న. గా అంకె పట్టిచ్చింది మీ వదినె. మొన్న నీ కట్టర్లు మంచిగచ్చినయంటే ఆమె చూస్తేనే వచ్చినయి. ఎంతసేపుంచాల్నో గూడ ఆమెకే ఎరుక. నాకు రాదు." సఫియా వైపు తిరిగాడు. "నాకు రాదు సఫియా. చెప్పు."

సఫియా ఒళ్ళోని చెయ్యి పైకెత్తింది. బొటనవేలు పందొమ్మిదో పూస మీద ఉంది. మజీద్ "ఆగయా" అన్న క్షణం నుంచి మనసులో చదువుతూనే ఉంది, ఒక్క పూసా తప్పలేదు. ఇరవయ్యోది పైకి చదివింది. మజీద్ కదలకుండా నిలబడి విన్నాడు. ముప్పైమూడోది జరిగాక "హో గయా" అంది. కట్టర్ నూనెలో దిగింది.

పొగ తగ్గింది. హన్మంత్ మీటర్ వైపు చూశాడు, మజీద్ వైపు చూశాడు, ఎవరికి దండం పెట్టాలో తేల్చుకోలేక చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఉప్పలయ్య గడప దాకా వచ్చి పీట పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"వదినె, తక్కిన మూడు ఎప్పుడు తీస్కపోవాలె?" అన్నాడు.

సఫియా ఏమంటుందోనని మజీద్ కూడా అటే చూశాడు.